అపాచీ క్యామెల్ 4 సమీక్ష: సందేశాన్ని దారి మధ్యలో ఆపడం, ఆపిన సంగతి చెప్పడం

శ్రీకాకుళంలోని ఒక రోగనిర్ధారణ ప్రయోగశాలలో పరీక్షా ఫలితాలను యంత్రాల దగ్గర నుంచి వైద్యుల తెరల దాకా చేరవేసే సాఫ్ట్‌వేరును కొన్నేళ్లుగా నేను చూసుకుంటున్నాను. ప్రయోగశాల పట్టణంలో ఉన్నా, దానికి రక్త నమూనాలు ఎక్కువగా టెక్కలి, పలాస, సోంపేట, కవిటి వైపు నుంచే వస్తాయి. ఫలితాలను చేరవేయడానికి మేము ఎంచుకున్న సాధనం అపాచీ క్యామెల్. దాని గుణగణాలన్నిటినీ ఇక్కడ ఏకరువు పెట్టబోవడం లేదు. ఒక సందేశం వరుసలోని అన్ని దశలనూ దాటకముందే దాన్ని ఆపవలసి వచ్చినప్పుడు క్యామెల్ మన చేతికి ఏయే సాధనాలు ఇస్తుందో, వాటిలో దేని ప్రభావం ఎంతవరకు పాకుతుందో, ఎక్కడ అది మనకు ఏమీ చెప్పకుండా ఊరుకుంటుందో చెప్పడానికే పరిమితమవుతాను. మా దగ్గర జరిగిన అతి పెద్ద పొరపాటు ఈ ఒక్క విషయాన్ని సరిగా అర్థం చేసుకోకపోవడం వల్లే జరిగింది.

తెలియనివారి కోసం రెండు మాటలు. క్యామెల్ 2007లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. అపాచీ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతుంది. నాలుగో తరం 2023 ఆగస్టులో విడుదలైంది, దానికి కనీసం జావా 17 కావాలి. వేర్వేరు భాషల్లో మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్ల మధ్య సందేశాలను అందుకొని, మార్చి, పంచి, చేరవేయడం దాని పని. ఒక సందేశం ఏయే దశల గుండా వెళ్లాలో మనం జావాలో గానీ, ఎక్స్ఎంఎల్‌లో గానీ, యామల్‌లో గానీ రాసుకుంటాం. ఆ రాతనే రూటు అంటారు.

మా రూటు చూడడానికి సాదాగానే ఉంటుంది. రక్తాన్ని పరీక్షించే యంత్రం ఫలితాన్ని ప్రయోగశాల సాఫ్ట్‌వేరుకు ఇస్తుంది. ఆ సాఫ్ట్‌వేరు దాన్ని హెచ్ఎల్7 (వైద్య సమాచారానికి ఉన్న ప్రామాణిక రూపం) సందేశంగా మార్చి, అటువంటి సందేశాలను నెట్‌వర్కు మీద పంపే ఎంఎల్ఎల్‌పీ పద్ధతిలో క్యామెల్‌కు పంపుతుంది. క్యామెల్ దాన్ని విడదీసి, రోగి వివరాలను సరిచూసి, పాత సందేశమే మళ్లీ వచ్చిందేమో చూసి, రోగికి ఎస్ఎంఎస్ పంపి, చివరగా వైద్యుడి తెరపై ఫలితాన్ని చేర్చి, పంపినవారికి అందిందని జవాబు ఇస్తుంది. వీటిలో ప్రతి దశలోనూ ఏదో ఒక సందేశాన్ని ఆపవలసిన అవసరం వస్తుంది. యంత్రం సరిగా పనిచేస్తోందో లేదో చూడడానికి రోజూ పొద్దున్నే నడిపే నాణ్యతా నమూనాల ఫలితాలు ఏ రోగికీ చెందవు కాబట్టి అవి ముందుకు పోకూడదు. హెచ్ఎల్7 సందేశంలో ఫలితం ఉండే ఓబీఎక్స్ విభాగంలోని పదకొండో గడిలో పీ అనే అక్షరం ఉంటే అది తాత్కాలిక ఫలితమని అర్థం, దాన్ని రోగికి పంపకూడదు. నెట్‌వర్కు తెగి మళ్లీ అతికినప్పుడు, జవాబు అందని సందేశాలన్నిటినీ ప్రయోగశాల సాఫ్ట్‌వేరు తిరిగి పంపుతుంది, వాటిలో ఇదివరకే చేరినవి కూడా ఉంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఎన్ని రోజులు కరెంటు లేక, ఫోన్లు పనిచేయక ఉండిపోయిందో చూసినవారికి, ఇక్కడ తెగడం, అతకడం అనేవి అరుదైన సంగతులు కావని వేరే చెప్పనక్కర లేదు.

ఇన్ని అవసరాలకూ క్యామెల్‌లో మొదట కంటికి కనిపించే సాధనం స్టాప్. రూటులో ఎక్కడైనా ఈ ఒక్క మాట రాస్తే సందేశం అక్కడితో ఆగిపోతుంది. అది లోపల చేసే పని చాలా చిన్నది. సందేశాన్ని మోసుకుపోయే ఎక్స్ఛేంజ్ మీద ఆగవలసిందని ఒక గుర్తు పెట్టి తప్పుకుంటుంది. దశల వరుసను నడిపించే పైప్‌లైను ఒక దశ ముగిసి మరో దశ మొదలయ్యే ముందు ప్రతిసారీ ఆ గుర్తు ఉందేమో చూస్తుంది, ఉంటే మిగిలిన దశలను వదిలేస్తుంది. మొత్తం రూటును నిలిపివేయడం దీనితో సంబంధం లేని మరో పని అయినా, దానికీ స్టాప్ అనే మాటనే వాడుతున్నారు. కొత్తగా చేరిన కుర్రవాళ్లు ఒకదాన్ని చదవబోయి మరొకదాన్ని చదవడం నేను చూశాను. రెంటికీ వేరు మాటలు ఉండి ఉంటే బాగుండేది.

గుర్తు ఎక్స్ఛేంజ్ మీద ఉంటుంది, రూటు మీద కాదు. ఈ సంగతిని మనసులో పెట్టుకుంటే స్టాప్ ఎక్కడిదాకా పాకుతుందన్నది దానంతట అదే తేలిపోతుంది. ఒక రూటు నుంచి మరో రూటును డైరెక్ట్ (వెంటనే పిలిచి, అది ముగిసేదాకా ఆగే పద్ధతి) ద్వారా పిలిస్తే, రెండు రూట్లలోనూ ప్రయాణించేది ఒకే ఎక్స్ఛేంజ్. అందువల్ల పిలిచిన చిన్న రూటులో స్టాప్ అంటే, తిరిగి వచ్చాక పెద్ద రూటులో మిగిలిన దశలు కూడా నడవవు. సెడా (మెమరీలోని వరుసలో వేసే పద్ధతి) ద్వారా జవాబు కోరకుండా పంపితే గానీ, వైర్‌ట్యాప్ ద్వారా నకలు పంపితే గానీ అవతల నడిచేది వేరే ఎక్స్ఛేంజ్ కాబట్టి అక్కడి స్టాప్ ఇవతలికి రాదు. ఒక సందేశాన్ని ముక్కలుగా విడగొట్టే స్ప్లిటర్ లోపల స్టాప్ ఆ ముక్కను మాత్రమే ఆపుతుంది, మిగిలిన ముక్కలు తమ దారిన పోతాయి. ఈ ప్రవర్తనలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. డాక్యుమెంటేషన్‌లో కూడా పిలిచిన రూటు నుంచి ఆపితే మొత్తం ఆగుతుందని ఉదాహరణతో సహా ఉంది. అయినా, జావా చదివినవారికి ఒక ఫంక్షన్ లోపలి రిటర్న్ ఆ ఫంక్షన్‌ను మాత్రమే ముగిస్తుందని అలవాటు. స్టాప్‌ను చూడగానే మనసు దాన్నే ఊహిస్తుంది. మేమూ దాన్నే ఊహించాం.

మా రూటులో ఎస్ఎంఎస్ పంపే దశలను విడిగా ఒక చిన్న రూటుగా రాసి, పెద్ద రూటు నుంచి డైరెక్ట్ ద్వారా పిలిచేవాళ్లం. రోగి ఫోను నంబరు లేకపోతే ఎస్ఎంఎస్ పంపడానికి వీలుండదు కాబట్టి, ఆ చిన్న రూటు మొదట్లోనే నంబరు ఖాళీగా ఉంటే స్టాప్ అని మా బృందంలో ఒకరు రాశారు, నేను చూసి సరేనన్నాను. ఆ రాతలోని ఉద్దేశం ఎస్ఎంఎస్ వద్దని మాత్రమే. జరిగింది మాత్రం వేరు. పెద్ద రూటులో ఎస్ఎంఎస్ తరువాత ఉన్న దశ వైద్యుడి తెరపై ఫలితాన్ని చేర్చడం. ఫోను నంబరు లేని ప్రతి రోగి ఫలితమూ అక్కడికి చేరకుండానే ఆగిపోయింది. ఫోను నంబరు ఇవ్వనివారు ఎవరో మా ప్రాంతం తెలిసినవారికి చెప్పనవసరం లేదు. ఉద్దానంలో జీడి తోటల్లోనూ కొబ్బరి తోటల్లోనూ కూలికి పోయే పెద్దవయసు ఆడవాళ్లు, ఇంటి మొత్తానికీ ఒకే ఫోను ఉండి అది కొడుకు దగ్గర ఉండిపోయినవారు. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఆ మండలాల్లో ఎంత విస్తరించిందో, మూత్రపిండాల పనితీరును చూపే సీరం క్రియాటినిన్ పరీక్ష అక్కడివారికి ఎంత ముఖ్యమో దేశమంతటికీ తెలిసిన విషయమే. వారి క్రియాటినిన్ ఫలితాలే పదకొండు రోజుల పాటు ఎవరి తెర మీదికీ రాలేదు.

ఈ పదకొండు రోజులూ మా పర్యవేక్షణ తెర పచ్చగా ఉంది. ప్రయోగశాల సాఫ్ట్‌వేరుకు ప్రతి సందేశానికీ ఏఏ అనే అంగీకార జవాబు వెళ్లింది. లాగ్‌లో ఒక్క హెచ్చరిక లేదు. చివరికి కవిటి వైపు నుంచి ఒక ఆశా కార్యకర్త మా టెక్నీషియన్‌కు ఫోను చేసి, “ఏటి తమ్ముడూ, మా అత్తమ్మ రక్తం రిపోర్టు ఇంకా రాలేదేటి? డాక్టరుగారు కూడా రాలేదంటన్నారు” అని అడిగితే గానీ మాకు తెలియలేదు. ఆమె అడగకపోతే ఇంకెన్ని రోజులు గడిచేవో ఇప్పటికీ తలచుకోవడానికి ఇబ్బందిగా ఉంటుంది.

తప్పు మాదే. అయితే ఈ తప్పు అంత కాలం ఎందుకు దాగిందో చూస్తే క్యామెల్ గురించి నేను చెప్పదలచుకున్న ప్రధానమైన ఫిర్యాదు అక్కడ దొరుకుతుంది. క్యామెల్ దృష్టిలో స్టాప్ వైఫల్యం కాదు. ఆగిన సందేశం విజయవంతంగా పూర్తయిన సందేశాల లెక్కలోనే చేరుతుంది. ఎక్స్ఛేంజ్ మీద మినహాయింపు (లోపం జరిగిందని తెలిపే ఎక్సెప్షన్) ఏదీ లేదు కాబట్టి ఎంఎల్ఎల్‌పీ భాగం దానంతట అదే అంగీకార జవాబు పంపుతుంది. ఫైళ్లను చదివే భాగమైతే ఫైలును పని పూర్తయిన ఫైళ్ల అరలోకి జరిపేస్తుంది. లావాదేవీతో కూడిన క్యూ అయితే సందేశం క్యూ నుంచి శాశ్వతంగా తొలగిపోతుంది. పంపినవారు పని అయిపోయిందనుకుంటారు, అందుకోవలసినవారికి ఏదో రావలసి ఉందన్న సంగతే తెలియదు. ఆగిపోయిందన్న విషయం తెలిసిన ఒకే ఒక్క సాధనం క్యామెల్, అది ఎవరికీ చెప్పదు. ఒక సందేశం అన్ని దశలూ దాటి గమ్యం చేరడమూ, మూడో దశలో ఆగిపోవడమూ ఒకే అంకెలో కలిసిపోయే లెక్క ఆస్పత్రులకూ, ప్రయోగశాలలకూ పనికివచ్చే లెక్క కాదు.

ఆ సందేశాలను తిరిగి పంపించబోయినప్పుడు రెండో పాఠం ఎదురైంది. స్టాప్‌ను తీసివేసి, ఆ పదకొండు రోజుల ఫలితాలను మళ్లీ పంపమని ప్రయోగశాల సాఫ్ట్‌వేరును అడిగాం. పంపింది. ఒక్కటీ ముందుకు పోలేదు. మళ్లీ వచ్చిన సందేశాలను గుర్తించి వదిలేసే ఐడెంపొటెంట్ కన్స్యూమర్ మా రూటులో స్టాప్‌కు ముందే ఉంది. అది సందేశపు గుర్తింపు సంఖ్యను పని మొదలవకముందే నమోదు చేసుకుంటుంది. పని విఫలమైతే ఆ నమోదును తీసివేస్తుంది, విఫలం కాకపోతే అలాగే ఉంచుతుంది. స్టాప్ వైఫల్యం కాదు కదా, కాబట్టి ఆగిపోయిన ప్రతి సందేశమూ పూర్తయినట్టుగానే నమోదై ఉంది. రెండోసారి వచ్చిన వాటిని పాతవని పక్కన పెట్టేసింది. డేటాబేసులోని నమోదు పట్టికలోకి వెళ్లి ఆ వరుసలను ఒక్కొక్కటే వెతికి తొలగించాకే ఫలితాలు కదిలాయి. విడివిడిగా చూస్తే రెండు సాధనాలూ డాక్యుమెంటేషన్‌లో చెప్పినట్టే నడిచాయి. రెండూ కలిసినప్పుడు ఏం జరుగుతుందో రూటు రాసేవారే ఊహించుకోవాలి.

ఐడెంపొటెంట్ కన్స్యూమర్ విషయంలో ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి, ఎందుకంటే అది కూడా ముందుగా ఆపే సాధనమే. దేన్ని చూసి పాత సందేశమని నిర్ణయించాలో మనమే చెప్పాలి. నమూనా సంఖ్యనూ పరీక్ష పేరునూ కలిపి గుర్తుగా పెట్టుకుంటే సులువుగా ఉంటుందని చాలామందికి అనిపిస్తుంది. అయితే 3.1 అని రావలసిన క్రియాటినిన్ పొరపాటున 1.3 అని నమోదై వెళ్లిపోయిందనుకుందాం. టెక్నీషియన్ దాన్ని సరిదిద్ది, సవరించిన ఫలితమని సూచించే సీ అక్షరంతో మళ్లీ పంపుతాడు. నమూనా అదే, పరీక్ష అదే కాబట్టి సవరణ పాత సందేశంగా లెక్కకు వచ్చి ఆగిపోతుంది, వైద్యుడి తెర మీద తప్పు అంకె మిగిలిపోతుంది. అందుకే మేము సందేశానికి తలకట్టు వంటి ఎంఎస్‌హెచ్ విభాగంలో పదో గడిలో ఉండే సందేశ నియంత్రణ సంఖ్యనే గుర్తుగా వాడుతున్నాం. ఒక సందేశాన్ని ఉన్నదున్నట్టు తిరిగి పంపితే ఆ సంఖ్య మారదు, సవరించి పంపితే మారుతుంది. మీ దగ్గరి సాఫ్ట్‌వేరు కూడా అలాగే చేస్తుందో లేదో పరీక్షించి చూసుకోండి. నమోదును మెమరీలో ఉంచుకునే పద్ధతి చూపించి నేర్చుకోవడానికే పనికివస్తుంది. మామూలుగా అది 1000 సంఖ్యలనే గుర్తుంచుకుంటుంది, సర్వరు ఆగి మళ్లీ మొదలైతే అవి కూడా పోతాయి.

స్టాప్‌కు బదులు మేము ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది ఫిల్టర్. ఫోను నంబరు ఉంటేనే ఈ దశలు, లేకపోతే వాటిని దాటి తరువాతి దశకు అని చెప్పడానికి అదే తగిన మాట. ఫిల్టర్ సందేశాన్ని ఆపదు, ఒక ఆవరణ లోపలికి రానివ్వదు, అంతే. ఆ ఆవరణ ముగిసిన చోటు నుంచి సందేశం మళ్లీ అందరితో పాటు నడుస్తుంది. జావాలో రాసేవారికి ఇక్కడ ఒక గుంట ఉంది. ఆవరణ ఎక్కడ ముగిసిందో ఎండ్ అనే మాటతో చెప్పకపోతే కింద రాసిన దశలన్నీ ఫిల్టర్ లోపలివే అయిపోతాయి, అప్పుడు ఆ రూటు వరకు ఫిల్టర్‌కు స్టాప్‌కు తేడా ఉండదు. కంపైలర్ ఏమీ అనదు. ఈ కారణంగానే మేము కొత్త రూట్లను యామల్‌లో రాయడం మొదలుపెట్టాం. అక్కడ ఫిల్టర్ లోపలి దశలు లోపలికి జరిపి రాయబడతాయి కాబట్టి ఏది లోపల, ఏది బయట అనేది కంటికి కనిపిస్తుంది. జావాలో ఒక మాట మరిచిపోవడం సులువు, యామల్‌లో ఒక వరుస పక్కకు జరిగితే చదివేవారికి వెంటనే అనుమానం వస్తుంది. ఫిల్టర్ షరతు నెగ్గిందా లేదా అనే విషయాన్ని మనం కోరిన పేరుతో దాచిపెట్టే సదుపాయం కూడా ఉంది. ఎస్ఎంఎస్ వెళ్లని రోగుల జాబితాను మేము ఆ పేరును చూసే తయారు చేస్తున్నాం. ఆ జాబితాలోని వారికి ఆశా కార్యకర్తల ద్వారా కబురు వెళుతుంది.

తప్పుతో ఆగవలసిన సందేశాలకు క్యామెల్ ఇచ్చే సాధనాలు బాగున్నాయి, ఇక్కడ నాకు ఫిర్యాదు లేదు. రోగి గుర్తింపు సంఖ్యే లేని సందేశం వస్తే దాన్ని స్టాప్‌తో ఆపకూడదు, మినహాయింపును లేవదీయాలి. అప్పుడు ఎంఎల్ఎల్‌పీ భాగం ఏఈ అనే లోపపు జవాబు పంపుతుంది, ప్రయోగశాల సాఫ్ట్‌వేరు ఆ సందేశాన్ని ఎర్రగా చూపిస్తుంది, టెక్నీషియన్ వెంటనే సరిదిద్దుతాడు. పంపినవారికి ఏ జవాబు వెళ్లాలో మనమే నిర్ణయించుకోవాలంటే జవాబు రకాన్ని ఎక్స్ఛేంజ్ మీద రాసిపెట్టవచ్చు. లేచిన మినహాయింపును పట్టుకునే ఆన్‌ఎక్సెప్షన్‌లో హ్యాండిల్డ్ అంటే సందేశం అసలు రూటును వదిలేసి అక్కడితో ముగుస్తుంది, కంటిన్యూడ్ అంటే ఏమీ జరగనట్టు తరువాతి దశకు పోతుంది. రెంటికీ తేడా ఒక్క మాటే అయినా ఫలితం పూర్తిగా వేరు. ఎస్ఎంఎస్ సంస్థ సర్వరు స్పందించనప్పుడు మాకు కావలసింది కంటిన్యూడ్, డేటాబేసు స్పందించనప్పుడు కావలసింది రెండూ కాదు, రోల్‌బ్యాక్. రోల్‌బ్యాక్ అన్నప్పుడు కూడా సందేశం దారి మధ్యలోనే ఆగుతుంది, కాకపోతే క్యూలోకి తిరిగి వెళ్లి తన వంతు కోసం ఎదురుచూస్తుంది. సర్వరు కోలుకునే దాకా ఎదురుచూడవలసిన సందేశాన్ని స్టాప్‌తో ఆపడం కన్నా పెద్ద తప్పు లేదు.

ఇక ఆగిన సందేశాల లెక్క విషయానికి వస్తే, క్యామెల్ తనంతట తాను చెప్పకపోయినా, అడిగితే చెప్పే మార్గాలు దానిలో ఉన్నాయి. రూటులోని ప్రతి దశకూ మనం ఒక పేరు పెట్టవచ్చు. పేరు పెడితే జేఎంఎక్స్ (జావా ప్రోగ్రాముల పనిని బయటి నుంచి చూసే పద్ధతి) పర్యవేక్షణలో ఆ దశ గుండా ఎన్ని సందేశాలు వెళ్లాయో విడిగా కనిపిస్తుంది. ఇప్పుడు మా రూట్లలో పేరు లేని స్టాప్ ఒక్కటి కూడా లేదు. నాణ్యతా నమూనా, తాత్కాలిక ఫలితం అని కారణమే పేరుగా ఉంటుంది. దానితో పాటు ప్రతి స్టాప్‌కు ముందు ఆపిన కారణాన్ని ఎక్స్ఛేంజ్ మీద రాసే ఒక వరుసను తప్పనిసరి చేశాం. రూటు మొదట్లో ఉంచిన ఆన్‌కంప్లీషన్ (సందేశం పని ముగిశాక నడిచే భాగం) ఆ కారణాన్ని చదివి పట్టికలో నమోదు చేస్తుంది. ఆగిన సందేశానికి కూడా ఆన్‌కంప్లీషన్ నడుస్తుంది. స్టాప్ గుర్తును అది తన పని అయ్యేంతవరకూ పక్కన పెట్టి మరీ నడుస్తుంది. ఇంత ఆలోచించి రాసినవారు ఆగిన సందేశాలకు విడిగా ఒక లెక్క ఎందుకు పెట్టలేదో నాకు అర్థం కాలేదు. పైగా, విజయవంతమైతేనే నడవమని ఆన్‌కంప్లీషన్‌కు చెప్పినా ఆగిన సందేశాలకు అది నడుస్తుంది. దాన్ని నమ్మి వైద్యుడికి ఫలితం చేరిందని ఎవరైనా నమోదు చేసుకుంటే అబద్ధం నమోదవుతుంది. పాత సందేశాల విషయంలో ఐడెంపొటెంట్ కన్స్యూమర్‌ను వాటిని తానే వదిలేయవద్దని, గుర్తు మాత్రం పెట్టమని అడగవచ్చు. మేము అలా అడిగి, గుర్తున్న వాటిని లెక్కలో రాసుకొని ఆ తరువాతే ఆపుతున్నాం. జావా క్లాసు లోపల ఎక్కడో దాక్కొని ఎక్స్ఛేంజ్‌ను ఆపే పద్ధతిని మాత్రం పూర్తిగా నిషేధించాం, ఎందుకంటే రూటు చదివేవారికి అది కనిపించదు. క్యామెల్ రెండో తరం నుంచి వచ్చేవారు ఇంకొకటి గమనించాలి. అప్పట్లో ప్రాపర్టీ రాసి సందేశాన్ని ఆపేవారు. ఇప్పుడు దానికి ఎక్స్ఛేంజ్ మీదే ఒక మెథడ్ ఉంది.

ఇతర సాధనాలతో పోల్చి చూస్తే ఈ లోటు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఆస్పత్రుల సందేశాల కోసమే తయారైన మిర్త్ కనెక్ట్ తెర మీద అందినవి, వడకట్టి ఆపినవి, క్యూలో ఉన్నవి, పంపినవి, లోపంతో ఆగినవి అని వేర్వేరు గళ్లు ఉంటాయి. ఆపిన సందేశాన్ని తెరిచి చూసుకోవచ్చు కూడా. మా పొరపాటు మిర్త్‌లో జరిగి ఉంటే వడకట్టిన గడిలోని అంకె పెరగడం మొదటి రోజు సాయంత్రానికే ఎవరి కంటనైనా పడేది. అయితే 4.6 వెర్షన్ నుంచి అది ఓపెన్ సోర్స్ కాదు, లైసెన్సు కొనాలి. మా ప్రయోగశాల ఆ ఖర్చు భరించలేదు. క్యామెల్ వంటిదే మరో సాధనమైన స్ప్రింగ్ ఇంటిగ్రేషన్‌లోని ఫిల్టర్ కూడా మామూలుగా సందేశాన్ని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. అయితే వదిలేసిన వాటిని పంపడానికి ఒక వేరే దారిని (చానెల్‌ను) చూపించవచ్చు, లేదా వదిలేసినప్పుడల్లా మినహాయింపు లేవదీయమని చెప్పవచ్చు. ఆ రెండు అవకాశాలూ ఫిల్టర్ పక్కనే కనిపించడం వల్ల రాసేవారికి ప్రశ్న ఎదురవుతుంది. కాకపోతే అక్కడ జవాబు కోసం ఎదురుచూసే పిలుపు ఉంటే, వదిలేసిన సందేశానికి జవాబు రాక అది గడువు ముగిసేదాకా వేచి ఉండిపోయే ప్రమాదం ఉంది. అదే కోవకు చెందిన అపాచీ సినాప్స్‌లో ఆపడానికి డ్రాప్, ఆపి పంపినవారికి జవాబు ఇవ్వడానికి రెస్పాండ్ అని రెండు వేర్వేరు మాటలు ఉన్నాయి. అవతల ఎదురుచూసేవారు ఉన్నారా అని రాసేవారిని ఆలోచింపజేసే ఈ విభజన నాకు నచ్చింది. క్యామెల్‌లో ఒకే స్టాప్ రెండు సందర్భాలకూ వాడతారు, జవాబుగా ఆ క్షణాన ఎక్స్ఛేంజ్‌లో ఏది ఉంటే అది వెళుతుంది.

ఇన్ని చెప్పినా మేము క్యామెల్‌ను వదలలేదు, వదిలే ఆలోచన కూడా లేదు. హెచ్ఎల్7 సందేశాలను విడదీయడం, ఎంఎల్ఎల్‌పీ, ఫైళ్లు, క్యూలు, డేటాబేసులు అన్నీ ఒకే చోట, ఒకే పద్ధతిలో, పైసా ఖర్చు లేకుండా దొరకడం శ్రీకాకుళం వంటి ఊళ్లో నడిచే మధ్యస్థాయి ప్రయోగశాలకు చిన్న విషయం కాదు. మామూలు సర్వరు మీద రోజంతా నిలకడగా నడుస్తుంది. రూటును పరీక్షించే సదుపాయం చాలా బాగుంది. ఏ గమ్యానికి ఎన్ని సందేశాలు చేరాలో ముందుగా చెప్పి, నకిలీ గమ్యాలతో రూటును నడిపి చూసుకోవచ్చు. మేము ఆ పరీక్షలు రాశాం కూడా. కానీ వాటిలో ఉన్న నమూనా రోగులందరికీ ఫోను నంబరు ఉంది. ఇప్పుడు ప్రతి స్టాప్‌కూ, ప్రతి ఫిల్టర్‌కూ రెండేసి పరీక్షలు ఉన్నాయి. ఆగవలసినది ఆగిందా అనేది ఒకటి, ఆగిన తరువాత కూడా చేరవలసిన చోటికి చేరిందా అనేది రెండోది.

కొత్తగా క్యామెల్ మొదలుపెట్టేవారికి ఒక సలహా. డాక్యుమెంటేషన్‌లో స్టాప్ గురించిన పుట చిన్నది, పది నిమిషాల్లో పూర్తవుతుంది. దాన్ని చదివి ఊరుకోకుండా ఐడెంపొటెంట్ కన్స్యూమర్, ఆన్‌కంప్లీషన్, మీరు వాడే క్యూ లేదా ఫైలు భాగం పుటలను కూడా పక్కన పెట్టుకొని చదవండి. ఆ నాలుగూ కలిసే చోట ఏం జరుగుతుందో ఏ ఒక్క పుటలోనూ పూర్తిగా దొరకదు.

మా ప్రయోగశాలలో రోజూ సాయంత్రం ఆరు గంటలకు ఒక కాగితం అచ్చవుతుంది. యంత్రాల నుంచి ఎన్ని ఫలితాలు వచ్చాయి, వైద్యుల తెరలకు ఎన్ని చేరాయి, మధ్యలో ఎన్ని ఏ కారణంతో ఆగాయి అన్నది అందులో ఉంటుంది. మొదటి అంకె మిగిలిన రెంటి మొత్తానికి సమానం కాకపోతే టెక్నీషియన్ ఇంటికి వెళ్లకుండా నాకు ఫోను చేస్తాడు. గత నెలలో రెండుసార్లు చేశాడు. రెండుసార్లూ కారణం రాయడం మరిచిన కొత్త స్టాప్ దొరికింది.